సముద్రానికి నేను మొక్కని మొక్కు

సముద్రం చూడకుండానే నేను కర్నూల్లో ఆరేళ్లు భూగోళం చెప్పాను. గోడ మీది పటంలో నీలం రంగు పూసిన చోట బెత్తం ఆనించి, ఆటుపోట్లు ఎందుకు వస్తాయో, తుఫాను ఎట్లా పుడుతుందో గంట కొట్టేదాకా చెప్పేవాణ్ణి. అప్పటికి నేను చూసిన నీళ్లలోకెల్లా పెద్దవి తుంగభద్రవి. ఎండాకాలం వస్తే ఆ నదిని పంచె పైకి కట్టకుండానే దాటేవాళ్లం. అయినా పాఠం చెప్పేటప్పుడు ఏనాడూ తడబడలేదు. తెలియని విషయం చెబుతున్నప్పుడు నా గొంతు మరింత గట్టిగా పలుకుతుంది. ఆ గుణం ఇప్పటికీ పోలేదు.

రాజధాని మా ఊరికి వచ్చిన రోజులవి. కచేరీలు గుడారాల్లో నడిచేవి. ఊళ్లో ఒక గది ఖాళీ అయిందంటే చాలు, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగి ఎవరో ఒకరు సంసారంతో సహా దిగిపోయేవారు. మా పక్క వాటాలో చీరాల గుమాస్తా ఒకాయన, ఆయన భార్య ఉండేవారు. ఆమెకు మా ఊళ్లో ఏదీ నచ్చేది కాదు. నీళ్లు చవుడు, గాలి నిప్పు, మా మాట మోటు. నచ్చనివన్నీ ఏకరువు పెట్టాక వాళ్ల వాడరేవు సముద్రం కబుర్లు మొదలుపెట్టేది. నా భార్య జొన్నలు చెరుగుతూ వింటూ కూర్చునేది.

నా భార్య మా మేనమామ కూతురే. నేను నిక్కర్లు వేసుకున్నప్పటినుంచి నన్ను ఎరిగిన మనిషి కాబట్టి నా పాండిత్యం మీద ఆమెకు పెద్ద గౌరవం లేదు. ఒకరోజు నేను బడినుంచి రాగానే అడిగింది.

“బావా, అల ఎనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతాదంటనే? నిలబడిన మనిషే పోతాన్నట్ల ఉంటాదంట. నిజమేనా?”

నేను అరుగు మీద కూర్చుని అలలు ఎట్లా ఏర్పడతాయో, గాలికీ వాటికీ ఉన్న సంబంధమేమిటో వివరించాను. మధ్యలో చంద్రుణ్ణి కూడా తెచ్చాను. ఆమె అంతా ఓపిగ్గా విని, “నువ్వు చూసినావా?” అంది.

“చూడలేదు.”

“అయితే పోయి చూసొద్దామా?”

పెళ్లయిన మూడేళ్లలో ఆమె నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి కోరిక అది. కాదనే ధైర్యం నాకు లేదు. సరేనని బయలుదేరే ధైర్యం అంతకన్నా లేదు. మధ్యేమార్గంగా ప్రణాళిక వేయడం మొదలుపెట్టాను.

స్టేషనులో తెలిసినాయన దగ్గర రైళ్ల వేళల పుస్తకం తెచ్చుకున్నాను. కర్నూలు నుంచి డోన్. డోన్‌లో బండి మారి నంద్యాల మీదుగా గుంటూరు. అక్కడినుంచి తెనాలి. తెనాలిలో మళ్లీ మారి చీరాల. ఎర్ర పెన్సిలుతో పోయే దారి, నీలం పెన్సిలుతో వచ్చే దారి గీశాను. ఏ స్టేషన్లో జొన్నరొట్టె తినాలి, ఏ స్టేషన్లో చెనిక్కాయల పొడి అన్నం తినాలి అన్నది కూడా రాశాను. చీరాల చేరిన తర్వాత “ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు సముద్రం చూచుట. ఎనిమిదికి ఫలహారం. తొమ్మిది నుంచి తిరిగి సముద్రం చూచుట” అని రాసుకున్నాను. నా భార్య అది చదివి, “రెప్ప ఎప్పుడార్పాల్నో రాయలేదే” అంది. నేను నవ్వలేదు. ప్రణాళిక వేసేటప్పుడు నేను నవ్వను.

తాగే నీళ్లు ఎన్ని కూజాలు మోసుకుపోవాలన్నది మరో పెద్ద సమస్య అయింది. సముద్రం పక్కన ఊరు కాబట్టి అక్కడి నీళ్లన్నీ ఉప్పగానే ఉంటాయని నా శాస్త్రీయమైన నిర్ణయం. నాలుగు రోజులకు మూడు కూజాలని తేల్చాను. పక్కింటామె అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మావాళ్లు ఇన్నేళ్లూ ఏం తాగి బతుకుతున్నారనుకున్నారండీ మాస్టారూ?” అంది. భూగోళం మాస్టరుకు అంతకంటే అవమానం ఉండదు. ఆ ప్రణాళిక చింపేసి కొత్తది మొదలుపెట్టాను. అది ఆరోదో ఏడోదో.

అసలు చిక్కు రైళ్లతోనో నీళ్లతోనో కాదు. మా అమ్మతో ఏం చెప్పాలన్నదే చిక్కు. మా వైపు మనిషి ఊరు దాటాలంటే కారణం కావాలి. పెళ్లికి పోవచ్చు, చావుకు పోవచ్చు. ఎద్దులు కొనడానికి, కోర్టుకు, ఆసుపత్రికి, దేవుడి దగ్గరికి పోవచ్చు. ఊరికే ఒక చోటికి పోయి, చూసి, తిరిగి రావడమనేది మా వంశంలో ఎవరూ చేసినట్టు లేదు. అమ్మ మైదుకూరు పక్క పల్లెలో ఉండేది. నాన్న పోయాక భూమంతా తానే నిలబడి సేద్యం చేయించింది. ఆమె గట్టు మీద నిలబడి దగ్గితే చాలు, చేను అవతలి కొసన కూలీలు మాటలాపి నడుములు వంచేవారు. నేనూ ఆ దగ్గుకే పెరిగాను.

పుష్యమాసం చివర్లో పనులు తెమిలాక అమ్మ ఒక మూట చెనిక్కాయలతో మా ఇంట్లో దిగింది. ఆమె కాళ్లు కడుక్కునేదాకా ఆగి, నేను రెండు రోజులుగా వల్లె వేసుకున్న మాట అందుకున్నాను.

“చీరాలకు పోయిరావాలనుకుంటాండామమ్మా.”

“చీరాల్లో మనకెవురుండారు?”

“ఎవురూ లేరు.”

“పెండ్లా?”

“కాదు.”

“ఎవురన్నా పోయినారా?”

“లేదమ్మా.”

“మల్లెందుకు పోతాండావు?”

ఆ పూటకు నాలో ఉన్న నిజం అక్కడికి అయిపోయింది. తలుపు వెనక నిలబడి నా భార్య నావైపే చూస్తోంది. సముద్రం చూడాలని ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అన్నది వేరు. “పోయినేడు నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మొక్కుకున్యానమ్మా. తగ్గితే పెండ్లాన్ని తోడు పెట్టుకోని పోయి సముద్రంలో మునుగుతానని.”

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఆ జ్వరం ఇరవైఒక్క రోజులు. ఆ ఇరవైఒక్క రోజులూ ఆమె నా మంచం పక్కనుంచి లేవలేదు. తగ్గిన తర్వాత తన మొక్కు తీర్చుకోవడానికి చెప్పులు లేకుండా శ్రీశైలం కొండ ఎక్కి వచ్చింది. అవన్నీ నాకు తెలుసు. తెలిసే, అబద్ధానికి బాగా అతుకుతుందని ఆ జ్వరాన్నే ఎంచుకున్నాను.

“ప్రాణం నిలబెట్టిన మొక్కురా అది! ఏడాదినుంచి ఎట్ల పెట్టుకోనుండావు? నిద్రెట్ల పట్టింది నీకు?” అని కేకలు వేసి, కాళ్లు తుడుచుకోకుండానే పురోహితుని ఇంటికి పోయింది. సముద్రాన్ని ఏ రోజంటే ఆ రోజు తాకకూడదట, మాఘ పౌర్ణమి మంచిదట. అంతా ఆమే ఖాయం చేసుకుని వచ్చింది. నేను బడిలో సెలవు రాసిచ్చాను. ఇంత తెలివైనవాణ్ణి ఉపాధ్యాయుడిగా వృథా అవుతున్నానే అని ఆ వారమంతా నాకు నేనే జాలిపడ్డాను.

పౌర్ణమి ఇంకా పది రోజులుందనగా తిరగమోత వాసనకు నా భార్య పెరట్లోకి పరుగెత్తింది. మరునాడూ అదే. అమ్మ ఆమె మొహం చూసి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, గట్టిగా కావలించుకుంది. మూడో నెల. ప్రయాణం ఆగిపోతుందన్న భయంతో నా భార్య ఆ సంగతి నాకు కూడా చెప్పకుండా దాచిపెట్టింది. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ పూట రైళ్ల పుస్తకం ఎక్కడ పెట్టానో కూడా మరచిపోయాను.

సాయంత్రం పురోహితుడు వచ్చి శుభమని చెప్పి, చల్లగా ఇంకో మాట అన్నాడు. ఇల్లాలు కడుపుతో ఉన్నప్పుడు భర్త సముద్రస్నానం చేయకూడదట. శాస్త్రమట.

“అయితే మునగను. ఒడ్డున నిలబడి చూసొస్తాను” అన్నాను.

అమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “మునుగుతానని మొక్కుకోని, నీళ్ల దాకా పోయి, మునగకుండా తిరిగొస్తావా? ఆ జరం మల్ల తిరగబెడితే నేనేం జేయాల్ల? కాన్పయినంక పోయి తీర్చుకుందువులే. అంతదాకా సముద్రం దిక్కే చూడొద్దు.”

మొక్కు లేకపోతే నేను హాయిగా పోయి చూసి రావచ్చు. చూడకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. నాకు అడ్డం పడింది నా మొక్కే. దాన్ని తప్పించడానికి “అమ్మా, అది అబద్ధం” అనే మూడు మాటలు చాలు. నా భార్య ఆ మూడు మాటల కోసమే నా మొహం చూస్తూ నిలబడింది. నాకు దాహమైంది. లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగి వచ్చాను.

రెండు రోజుల తర్వాత అమ్మ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. “ఏం తినాలనుండాది పాపా? మనసులో పెట్టుకోవద్దు. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే మాకు మంచిది కాదు.”

“తినేదానికేం వద్దత్తా. సముద్రం చూడాలనుండాది.”

అమ్మ నాలుగు చెనిక్కాయలు ఒలిచి కోడలి చేతిలో పెట్టింది. నేను కిటికీ దగ్గర నిలబడి పిల్లల పుస్తకాలు దిద్దుతున్నట్టు నటిస్తున్నాను. చివరికి ఆమె అంది. “సరే, పోదాం పా. మొగుడు మునగగూడదన్యాడు గానీ పెండ్లాము చూడగూడదనలేదు గదా ఆ సామి. నేను తోడొస్తాను.”

పక్కింటామె ఆ వారమే చీరాలలో పుట్టింటికి పోతోంది. ముగ్గురు ఆడవాళ్లూ కలిసి పోయేటట్టు గంటలో తేలిపోయింది. నాకు నెలన్నర పట్టిన పని. నా ప్రణాళికలో చివరి ప్రతిని, ఎర్ర గీతలూ నీలం గీతలతో సహా, అమ్మ మడిచి బొడ్లో దోపుకుంది.

కర్నూలు స్టేషన్లో మిట్టమధ్యాహ్నం ఎండలో మూటలు ఎక్కించాను. డోన్‌లో ఏ వైపు దిగాలో నాలుగుసార్లు చెప్పాను. అమ్మ లోపల చోటు సర్దుకుంటుంటే నా భార్య కిటికీలోంచి వంగి మెల్లగా అంది.

“ఇప్పుడన్నా చెప్పు బావా. చెప్పి బండెక్కు. నేనడిగింది నీతో పోవాలని.”

నేను డోన్ సంగతి ఐదోసారి చెప్పాను. బండి కదిలింది.

నాలుగు రోజులు చెయ్యి కాల్చుకున్నాను. మూడోరోజు బడిలో సముద్ర ప్రవాహాల పాఠం వచ్చింది. ఆ పాఠం వదిలేసి పర్వతాలు చెప్పాను.

వాళ్లు తిరిగి వచ్చిన రోజు అమ్మ నాతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాను. ఆమె పెరట్లోకి పోయాక నా భార్యను అడిగాను, సముద్రం ఎట్లా ఉందని. ఆమె మూట విప్పడం ఆపి అంది.

“పున్నమి దినం అత్త నీ బదులు మునిగింది బావా. మునుగుతానని నాకు గూడా చెప్పలేదు. కొంగు నడుముకు చుట్టుకోని నీళ్లలోకి పాయ. ఒక అలొచ్చి పడగొట్టె. లేసింది. మల్లొకటొచ్చి పడగొట్టె. ఈత రాదు, నీళ్లంటే భయం. వణుకుతానే లేసి, చేతులెత్తి మొక్కుతాంది. ‘నా కొడుకు ఎగ్గొట్టేటోడు కాదు తల్లీ, బిడ్డ పుట్టినంక వస్తాడు, అంతదాకా వాని జోలికి పోవద్దు’ అని. మూడుసార్లు మునగాల్నంట. నాకు చూడబుద్ధి కాలేదు. రెండోసారికే పోయి చెయ్యి పట్టుకోని చెప్పేసినా.”

“ఏం చెప్పినావు?”

“మొక్కు లేదని. నేను సముద్రం అడిగినానని, అత్తకు చెప్పల్యాక నువ్వు ఆ మాటన్యావని.”

“కోప్పడిందా?”

“లేదు. తడిగుడ్డలతోనే ఇసుకలో కూసోని ఏడ్చింది. ‘నాతో చెప్పేదానికి భయపడినాడా? నేనేమన్నా పరాయిదాన్నా?’ అని.”

ఆ మూడు వారాలూ నేను మోసం చేస్తున్నానని తెలుసు. పిరికివాణ్ణని కూడా తెలుసు. దాన్ని తలుచుకుని లోలోపల నవ్వుకునేవాణ్ణి కూడా. కానీ నా భయం ఆమెకు తగులుతుందని ఒక్కసారీ తోచలేదు.

పెరట్లోకి పోయాను. అమ్మ రాతిమీద చీర ఉతుకుతోంది. మడతల్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. పక్కన కూర్చున్నాను. ఆమె చీర పిండి, దులిపి, తీగ మీద వేసింది. వేసి, నావైపు తిరగకుండానే అడిగింది.

“నేను అంత చెడ్డదాన్నా నాయనా?”

“లేదమ్మా” అన్నాను. ఆ మూడు వారాల్లో నేను ఆమెతో అన్న మాటల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. నమ్మలేదు.