తాడు కోసిన కత్తి, కాయ కోసిన కత్తి

1985 ఎండాకాలం. నూజివీడులో బస్టాండు నుంచి కూరగాయల బజారుకు వెళ్లే దారిలో మాకో ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. గునపాలు, కొడవళ్లు, తాళాలు, మేకులు అన్నీ అమ్మేవాణ్ణి గానీ నా ప్రాణమంతా కత్తుల మీదే. కొనడానికి వచ్చినవాళ్లకు కత్తి చేతికిచ్చి ఊరుకుంటే నాకు తోచేది కాదు. అది ఏ ఉక్కు, ఎలా కాల్చారు, పదును ఎన్నాళ్లు ఉంటుంది అని ఉపన్యాసం దంచేవాణ్ణి. శేషయ్య దగ్గర కత్తి కొనాలంటే ఓ పూట సెలవు పెట్టుకుని రావాలని పక్క కొట్టాయన అందరి ముందూ ఆటపట్టించేవాడు.

అప్పట్లో నా దగ్గర మూడు రకాలుండేవి. మొదటిది కార్బన్ స్టీలు. పాత లారీ కమాను పట్టీలను మా ఊరి కమ్మరి సాగగొట్టి చేసేవాడు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసుబారుతుంది. ఆ పెళుసు పోవడానికి మళ్లీ సన్నని సెగ మీద వేడి చేస్తారు, దాన్నే టెంపరింగ్ అంటారు. మా కమ్మరిది అందులో అందెవేసిన చెయ్యి. రెండోది మిషను రంపపు బ్లేడు ముక్కతో చేసిన కత్తి. దాని పదును ఓ పట్టాన పోదు. పోయిందా, పూటంతా సానరాయి మీద రుద్దినా తిరిగి రాదు. మూడోది కంపెనీ నుంచి వచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టదు, తళతళలాడుతుంది, పదును మాత్రం తొందరగా పోతుంది. అది పెళ్లిచూపులకు ముస్తాబైన కత్తి అని వెక్కిరించేవాణ్ణి.

ఇవి ఉత్త మాటలు కావు, నాకో పరీక్ష ఉండేది. మూడింటికీ ఒకే రాయి మీద పదును పెట్టి, కొబ్బరి తాడు చుట్ట ముందేసుకుని, తెగినంతసేపు ముక్కలు కోసేవాణ్ణి. స్టెయిన్‌లెస్ అన్నిటికంటే ముందు చేతులెత్తేసేది. కమాను పట్టీ కత్తి రంపపు బ్లేడుకు ఇంచుమించు సమానంగా నిలబడేది, పైగా సానకు తేలిగ్గా లొంగేది. అందుకని నా ఓటు ఎప్పుడూ దానికే.

ఆ ఏడు ఏప్రిల్ చివర్లో ఓ సాయంత్రం గాలివాన కొట్టి, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో సగం కాయ నేలపాలైంది. దెబ్బ తిన్న కాయ నిలవ ఉండదు. రెండు మూడు రోజుల్లో కోసి ఎండబెడితే ఒరుగులవుతాయి, లేకపోతే కుళ్లిపోతుంది. మర్నాడు పొద్దున్నే కనకమ్మ అనే ఆవిడ మా కొట్టుకు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, తోటల్లో కూలికి వెళ్లేది. ఓ తోట ఆసామి రాలిన కాయంతా ఏరుకోమన్నాడట. మరో నలుగురు ఆడవాళ్లను కూడగట్టి, కూలి మానిపించి, సొంతంగా ఒరుగులు పెట్టబోతోంది.

"ఇది కుదిరితే ఏటా మా పని మేం చేసుకుంటామండి. కుదరకపోతే మళ్లీ నా మాట ఎవరూ వినరు" అంది.

ఐదు స్టెయిన్‌లెస్ కత్తులు ఇమ్మంది. నేనివ్వలేదు. తాడు చుట్ట తీసి, తొందరగా వెళ్లాలని ఆమె అంటున్నా వినకుండా, పరీక్ష మొత్తం చేసి చూపించాను. మధ్యలో రెండుసార్లు కాయ పులుపు గురించి ఏదో చెప్పబోయింది. నా ధోరణిలో నేనున్నాను. చివరికి ఐదూ కమాను పట్టీ కత్తులే చేతిలో పెట్టి పంపాను.

మర్నాడు కొట్టు తెరిచేసరికి కనకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు మూట విప్పి మామిడి ముక్కలు బల్ల మీద పోసింది. తెల్లగా ఉండాల్సినవి సిరాలో ముంచినట్టు నల్లగా ఉన్నాయి. పచ్చి మామిడి పులుపు ఇనుముకు తగిలితే నలుపెక్కుతుందని నాకు తెలియక కాదు. ఇంట్లో మా ఆవిడ మామిడికాయ కోసిన కత్తిని ఆ క్షణమే కడిగి తుడవడం ఎన్నిసార్లు చూడలేదు! తెలిసీ తోచలేదు. అంతకంటే నన్ను కుంగదీసింది ఆమె తెచ్చిన కత్తి. అంచు మీద వేలు ఆనించి చూస్తే పదును లేదు. రోజంతా పులుపు రసంలో తడిసి అంచు తినేసినట్టయింది.

"మీరు తాడు కోశారండి. మేం కాయ కోస్తాం" అంది కనకమ్మ. గొంతు పెంచలేదు.

ఒరుగులు కొనేవాడు తెల్ల ముక్కయితేనే తీసుకుంటానన్నాడట. నిన్న కోసిందంతా పోయినట్టే. మిగిలిన సగం కుప్ప ఇవాళ తెమలకపోతే అదీ కుళ్లుతుంది. నలుగురిలో ఇద్దరు, రేపటి నుంచి కూలికే పోతామని అప్పుడే అనేశారట. నాకు చాలా సిగ్గేసింది. కొట్టుకు తాళం వేసి, స్టెయిన్‌లెస్ కత్తులు సంచిలో వేసుకుని ఆమెతోపాటు రెడ్డిగూడెం బస్సెక్కాను.

తోటలో ఆడవాళ్లు తాటాకు పందిరి కింద కూర్చున్నారు. నేనూ ఓ పీట లాక్కున్నాను. చెక్కు తీసి, టెంక వెంబడే కత్తిని నడిపి ముక్కలు తీయాలి. కండ మెత్తనే గానీ, టెంక తగిలినప్పుడల్లా కత్తికి దెబ్బే. ఒక గంప కోసేసరికి నా కత్తి మొద్దుబారింది. నేను చెప్పిందే నిజమైంది కదా అని, అంత జరిగాక కూడా, లోపల కాస్త సంతోషపడ్డాను. కనకమ్మ నా చేతిలోంచి కత్తి తీసుకుంది. పక్కన బోర్లించిన ఖాళీ జాడీ అడుగున, నునుపు పూత లేని గరుకు అంచు మీద అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు రుద్ది, కడిగి ఇచ్చింది. మళ్లీ చక్కగా తెగింది. ప్రతి గంపకూ అందరూ అదే చేస్తున్నారు. దానికి పట్టేది గ్లాసుడు మంచినీళ్లు తాగినంతసేపు.

పదును ఎంతసేపు నిలుస్తుందన్నదే అన్నేళ్లూ చూశాను. పోయిన పదును ఎంత తేలిగ్గా తిరిగొస్తుందన్నది వాళ్లు చూసుకున్నారు. రోజంతా పులుపులో చేతులు పెట్టేవాళ్లకు అదే ముఖ్యం.

పాత కత్తులు వాపసు తీసుకుంటానన్నాను. కనకమ్మ ఒప్పుకోలేదు.

"కత్తి మంచిదేనండి, కట్టెకీ మట్టకీ పనికొస్తుంది. మేం దేనికి కొంటున్నామో మీరు విన్లేదు, అంతే" అంది. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నల్లబడ్డ ముక్కలు అందరూ ఇళ్లకు పంచుకున్నారు, నేనూ ఓ మూట అడిగి తీసుకున్నాను. ఆ ఏడంతా మా ఆవిడ పప్పులో అవే వేసింది. రుచికి ఏ లోటూ లేదు గానీ, కంచంలో కనబడినప్పుడల్లా మా ఆవిడ నవ్వేది, నేను తల వంచుకుని తినేవాణ్ణి.

పొద్దు వాలేసరికి కుప్ప తెమిలింది. చాపల నిండా తెల్లటి ముక్కలు. పక్క తోట ఆసామి కూడా వచ్చి చూసి, తన తోటలో కాయ కూడా ఏరుకోమన్నాడు. కూలికి పోతామన్నవాళ్లలో సీతమ్మ అనే పెద్దావిడ ఒకామె. నేను వచ్చిందగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. చేతులు కడుక్కుని లేచి, చీర దులుపుకుంటూ అడిగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటావే, కనకం?"

కనకమ్మ ముఖం అటు తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు కొట్టు నడిపాను. కత్తి బయటికి తీసే ముందు ఏం కోస్తారని అడగడం, వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినడం అలవాటు చేసుకున్నాను. ఉక్కు గురించి నేర్చుకోవడం కంటే ఆ కాస్త ఊరుకోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. నా ఉపన్యాసం కనకమ్మ మీద ఎంతమందికున్న నమ్మకాన్ని పాడుచేయబోయిందో ఆ సాయంత్రం కళ్లారా చూసి ఉండకపోతే, అదీ నేర్చుకునేవాణ్ణి కాను.