తేడాలే గానీ తప్పుల్లేని లంక

మా కొల్లేటి లంకలో పెద్దవాళ్లెవరూ తప్పు చేసేవారు కాదు. తేడా వచ్చేది, అంతే. పెద్దమ్మ చేపల పులుసులో ఉప్పు రెండోసారి వేసేస్తే, "ఉప్పు కాస్త తేడాగా ఉందండీ" అంటూ చుట్టాలు మంచినీళ్లు తాగి తాగి తినేవారు. పాస్టరుగారు పెళ్లిలో వధువు పేరుకు బదులు ఆమె అక్క పేరు చదివితే, అదీ తేడాయే. తప్పు అనే మాటను మాత్రం పిల్లల కోసం, పాలేళ్ల కోసం జాగ్రత్తగా దాచి ఉంచేవారు.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరులో ఆడపిల్లల ట్రైనింగు స్కూలుండేది. మధ్యాహ్నం గంట కొట్టేలోగా వచ్చి కనబడితేనే సీటు, లేదంటే మళ్లీ ఏడాదికే అని ఆ స్కూలు నడిపే దొరసానమ్మగారు ముందే చెప్పారు. టీచరునవ్వాలన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేదు. చెప్పిన రోజున తెల్లవారగానే పెదనాన్నగారు, పెద్దమ్మ, నేను పడవెక్కాం. కొల్లేరంతా తనకు కొట్టినపిండి అన్నారు పెదనాన్నగారు.

ఏలూరు మాకు ఉత్తరాన. పొద్దుటి ఎండ కుడిచేతి వైపు ఉండాలి. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య పెదనాన్నగారు ఒక నీటిపాయ చూపించి "ఇటు పోనీ" అన్నప్పటి నుంచి ఎండ మా వీపుల మీద పడసాగింది. పడవవాడు గమనించాడు, పెద్దమ్మ గమనించింది, నేనూ గమనించాను.

"ఎండ కాస్త తేడాగా ఉందండీ," అన్నాడు పడవవాడు, గెడ వేయడం మాత్రం ఆపకుండా.

"ఈ కాలంలో అలాగే ఉంటాదిలే," అన్నారు పెదనాన్నగారు.

పెద్దమ్మ ఇంకా నేర్పరి. "ఏవండీ, ఏలూరుని గానీ కాస్త పక్కకి జరిపారంటారా?" అంది.

ఆయన ఆలోచించి, "జరపలేదనుకుంటానే," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పెదనాన్నగారండీ, మనం తప్పు దారిలో పోతన్నామండీ!" అనేశాను.

పడవవాడు నాలుక కరుచుకున్నాడు. "పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటేంటే!" అని పెద్దమ్మ నా తొడ మీద గిల్లింది. పెదనాన్నగారికి పౌరుషం వచ్చి, అదే దారిన పోనిమ్మన్నారు.

చివరికి ముదినేపల్లి వైపు గట్టున తేలాం. అక్కడ గేదెలు కాసుకునే మనిషిని ఏలూరు ఎటని అడిగితే, మా మొహాలు జాలిగా చూసి, "కాస్త తేడాలో వచ్చేశారండీ," అన్నాడు.

బండి కట్టించుకుని ఏలూరు చేరేసరికి సాయంత్రమైంది. స్కూలు గేటు మూసేశారు. ఆ గేటు పట్టుకుని, దారిన పోయేవాళ్లు చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఊరుకోమ్మా. ఎంత, ఒక్క ఏడాదేగా తేడా," అని పెదనాన్నగారు ఓదార్చారు.

ఇంటికొచ్చాక సంగతంతా విని అమ్మ లెంపలు వాయించుకుంది, సీటు పోయినందుకు కాదు. "పెదనాన్నగారిని అంత మాటంటావా? వెళ్లి తప్పయిందని చెప్పు," అంది.

వెళ్లి, చేతులు కట్టుకుని, తప్పయిందండీ అని చెప్పాను. ఆయన పెద్ద మనసు చేసుకుని నన్ను క్షమించారు.