చెప్పి నొక్కు

పంజాగుట్ట దుకాణంలో కొత్త మదర్‌బోర్డు పెట్టె విప్పగానే, కాలీ కాలని ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. "రెడీమేడ్ సిస్టమ్ కావాలా మేడమ్, పార్టులు తీసుకుని మీరే బిగించుకుంటారా?" అని సేల్స్‌మన్ అడిగాడు. నాకు ఈ పని నేర్పిన యాదగిరి సార్ గుర్తొచ్చారు.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య సార్ హార్డ్‌వేర్ క్లాసును వెతుక్కుని వెళ్లాలి. రాజమండ్రి నుంచి వచ్చి వచ్చి ఇందులోనా చేరడం అని హాస్టల్లో అందరూ నవ్వారు. సార్‌కి ఒక నియమం ఉండేది. చేతిలో ఏ పార్టుందో, బోర్డు మీద ఎక్కడ పెడుతున్నామో బయటికి చెప్పాలి. ఆయన "ఊఁ" అన్నాకే నొక్కాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టుండేది, నాకు ఒళ్లు మండేది. ఇదేంటి సార్, మేమేమన్నా చిన్నపిల్లలమా అని ఒకరోజు అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు.

"జర ఓపిక పట్టు బిడ్డా. చెప్పి నొక్కు. తప్పు చేతిల కన్నా ముందు నోట్ల దొరుకుతది."

కోర్సు అయ్యాక అక్కడే ఆయన దగ్గర పనికి కుదిరాను. సార్ కూతురు మౌనికకు ఆర్కిటెక్చర్‌లో సీటు వచ్చిన ఏడాది, ఆ పిల్లకు మంచి డెస్క్‌టాప్ కావాల్సి వచ్చింది. రెడీమేడ్‌ది కొనెయ్యమని ఇంట్లో అందరూ చెప్పారు. ఊరందరికీ బిగించి ఇచ్చి సొంత బిడ్డకు దుకాణంలో కొంటానా అని సార్ మొండికేశారు. ఒక ఆదివారం నన్ను సనత్‌నగర్‌లోని వాళ్లింటికి రమ్మన్నారు. బల్ల మీద పార్టులన్నీ పరిచి ఉన్నాయి. సాయం పట్టబోతే వద్దన్నారు.

"నువ్వు కూసొని, కనబడేది చెప్పు చాలు. నాకు కనబడ్తలేదు."

షుగర్ వల్ల చూపు తగ్గిపోయి చాలాకాలమైందట. క్లాసులో మా అందరి నోళ్లతోనే ఆయన చూసేవారని అప్పుడు తెలిసింది. బల్ల దగ్గరికి జరిగి, ప్రాసెసర్ మూల మీది గుర్తు ఎటుందో చెప్పాను. ఆయన సరిగ్గానే తిప్పారు. కానీ షుగర్ వేళ్ల స్పర్శను కూడా వదల్లేదు. చిప్ ఇంకా పట్టులోనే ఉందనుకున్నారు, అది అప్పటికే జారి సాకెట్ మీద పడింది. వెంట్రుకల్లాంటి పిన్నులు వంగిపోయి బోర్డు పాడైంది.

"ఏమైందో చెప్పు బిడ్డా," అన్నారు. చెప్పాను.

మౌనిక తండ్రి భుజం మీద చెయ్యి వేసి, రెడీమేడ్‌దైనా తనకు మంచిగానే ఉంటుందంది. సార్ వేలి కొసలు ఒకదానితో ఒకటి రుద్దుకున్నారు.

"కొనుండ్రి. కండ్లు పోయినా చేతులున్నయ్ అనుకున్న," అన్నారు.

ఆ తర్వాత ఆయన క్లాసుకు రాలేదు. మరుసటి ఏడాదే కిడ్నీలు పాడై చనిపోయారు. ఇంట్లోకి వచ్చిన ఆ కంప్యూటర్‌ను నాన్న ఒక్కసారైనా తాకలేదని మౌనిక నాతో చెప్పింది.

పంజాగుట్టలో నేను పార్టులే తీసుకున్నాను. ఇంటికొచ్చి, ప్రాసెసర్‌ను సాకెట్‌లో ఉంచి, "గుర్తు ఎడమ మూలకుంది సార్," అని పైకే చెప్పాను. ఊఁ అంటారేమోనని అలవాటుగా ఆగాను. గుర్తు మరోసారి చూసి, సాకెట్ మీట నొక్కాను.