అర స్వరం దిగిన పియానో

మా మామయ్య చెవిని పొగడాలంటే ఆయన్నే పిలవాలి. ఇంకెవరికీ అంత ఓపిక ఉండదు. నలభై ఏళ్లుగా పియానోలు శృతి చేస్తున్న మనిషి. చెంచా కింద పడితే అది ఏ స్వరమో చెబుతాడు. పక్కింటి ఫ్రిజ్ అపశృతిలో మోగుతోందని ఒకసారి వాళ్ల తలుపు కొట్టి మరీ చెప్పి వచ్చాడు. అత్తయ్య వారం రోజులు వాళ్లకు మొహం చూపించలేకపోయింది.

"నా చెవి తప్పిన రోజున ఈ సంచి మూసేస్తా" అనేది ఆయన ఊతపదం. సంచిలో శృతి చూసే ట్యూనింగ్ ఫోర్కు, తీగలు బిగించే పానా, నాలుగైదు మెత్తటి ఫెల్టు గుడ్డ ముక్కలు ఉంటాయి. ముందు గదిలో ఆయన సొంత పియానో ఉంది. దాని మీద ఈగను కూడా వాలనివ్వడు.

నేను సంగీత పాఠశాల లైబ్రరీలో పనిచేస్తాను. పాత గ్రామఫోన్ రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే పని వచ్చింది. అన్నీ మూడు వందల ఏళ్ల కిందటి, బరోక్ కాలపు యూరప్ రచనలే. ప్రతి రచనా రెండేసి రికార్డుల్లో ఉంది. ఒకటి పియానో మీద వాయించింది, రెండోది పియానో కంటే ముందు తరం వాద్యమైన హార్ప్సికార్డ్ మీద వాయించింది. పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టుకుని వినాలని లైబ్రేరియన్ గారి కోరిక. మంచి చెవి ఉన్న మనిషి కావాలన్నారావిడ. మా ఇంట్లో ఉన్న చెవిని తీసుకెళ్లాను.

పియానో రికార్డులకు మామయ్య వంక పెట్టలేదు. హార్ప్సికార్డ్ మొదలవగానే మొహం చిట్లించాడు.

"ఇదేంటే, తాళంచెవుల గుత్తి ఆడించినట్టు? పైగా అర స్వరం తక్కువ పలుకుతోంది. మీ మిషను మెల్లగా తిరుగుతోంది."

"మిషను కొత్తది మామయ్యా."

"మిషను కొత్తదైతే ఏం, నా చెవి పాతది."

ఫోర్కును మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వేగం మీటను కొద్దికొద్దిగా పైకి జరుపుతూ స్వరం కలిసేదాకా వదల్లేదు. అలా వారం రోజుల్లో పదకొండు రికార్డులు బాగుచేశాడు. రికార్డు అట్ట వెనక ఏం రాసుందో ఆయన చూడలేదు. ఆయన్ని నమ్ముకుని నేనూ చూడలేదు, నాకూ బుద్ధి లేదు.

లైబ్రేరియన్ గారు చూశారు. "అట్ట మీద ఆరు నిమిషాలని ఉంది. మీ కాపీలో ఇరవై సెకన్లు తగ్గాయి. ఎక్కడికి పోయాయండీ?" అని మెల్లగానే అడిగారు. ఆ వాద్యాన్ని ఆనాటి పద్ధతిలో, ఇప్పటి కంటే అర స్వరం కిందికి, కావాలనే శృతి చేశారట. అట్ట వెనక మూడో లైనులోనే ఉంది. మామయ్య ఆ లైను రెండుసార్లు చదివి, టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక సంచి నా ఒళ్లో పెట్టాడు. "అటక మీద పడెయ్."

"నీ చెవి సరిగ్గానే చెప్పింది కదా, అర స్వరం తక్కువని."

"జబ్బు లేనివాడికి ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా అలాగే అంటాడు."

సోమవారం కచేరీ హాల్లో పియానో పని ఉంది. రాలేనని ఫోన్ చేసేశాడు. నాకు నిజంగా భయం వేసింది. ఆ సంచి లేని మామయ్యను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆదివారం పొద్దున్నే ఒకే రచనవి రెండు రికార్డులూ, వాటి మిషనూ లైబ్రరీ నుంచి మోసుకొచ్చాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. "వింటే చెవులేం అరిగిపోవు, కూర్చోండి" అని అత్తయ్య గదమాయించింది.

ముందు పియానో పెట్టాను. మూడు పాటలు ఒకదానిలో ఒకటి కలిసి నడిచే రచన అది. వాయించే ఆవిడ ఒక పాటను గట్టిగా నొక్కి పైకి తెచ్చి, మిగతా రెంటినీ మెత్తగా వెనక ఉంచింది. తర్వాత హార్ప్సికార్డ్, దాని సొంత వేగంలో. ఇందులో తీగను సుత్తి కొట్టదు, చిన్న ముక్క మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం అంతే. అందుకే మూడు పాటలూ సరిసమానంగా, ఒకటి ఇంకోదానికి తల వంచకుండా నడుస్తున్నాయి. ముఖ్యమైన స్వరం వచ్చేముందు మాత్రం వాయించే ఆయన రెప్పపాటు ఆగుతున్నాడు. ఆ ఆగినంతలోనే స్వరం గదంతా నిండిపోతోంది.

మామయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు.

"మళ్లీ పెట్టు."

అయిదుసార్లు పెట్టాను. అత్తయ్య తడి చేతులతో గుమ్మంలోనే ఉండిపోయింది.

"గొంతు పెంచకుండా ఎంత మాట చెబుతున్నాడే" అన్నాడు మామయ్య. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదాయనకు. "నలభై ఏళ్లు తీగ తీగా విన్నాను. శృతి కుదరగానే సంచి సర్దుకుని వచ్చేసేవాణ్ణి. వాయిస్తుంటే ఒక్కరోజైనా కూర్చున్నానా?"

కాసేపటికి అడిగాడు. "ఆ సంచి ఇలా తే."

అటకెక్కి తెచ్చాను. ఆయన తన పియానో పైమూత తెరిచాడు. దాన్ని వెంట్రుకవాసి కదిలిస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, రెండు వందల ఇరవై పైచిలుకు తీగలను ఒక్కొక్కటిగా అర స్వరం కిందికి దించడం మొదలుపెట్టాడు. తన పియానోనూ ఆ హార్ప్సికార్డ్ రికార్డునూ ఒకే శృతిలో పెట్టి వినాలట. భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రమయ్యాక అత్తయ్య ఒక మెట్టు నొక్కి చూసింది.

"దిగులుగా ఉందేంటండీ?"

"అలవాటవుతుందిలే. ఆ పదకొండు రికార్డులూ రేపు సాయంత్రం మళ్లీ ఎక్కిస్తానని మీ లైబ్రేరియన్ గారితో చెప్పవే."

తర్వాత కచేరీ హాలుకు తనే ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున వస్తానండీ" అన్నాడు. కాస్త ఆగి, కొత్తగా పనిలో చేరినవాడిలా అడిగాడు. "పని అయ్యాక, ఎవరైనా వాయిస్తుంటే, ఒక మూల కూర్చోవచ్చా?"