బొటనవేలి గోరు

మా వైపు విత్తన పత్తి చేసే ఆడవాళ్ళు కుడి బొటనవేలి గోరు కత్తిరించుకోరు. సాయంత్రం పత్తిమొగ్గ రేకులను, లోపలి పుప్పొడి తిత్తులను ఆ గోటితోనే చుట్టూ గిల్లి ఊడదీయాలి. తెల్లారి ఆ మొగ్గకు మగపువ్వు రాయాలి. ఒక్కపూట తప్పినా పువ్వు మన కోసం ఆగదు. ముల్లు తీయడానికైనా, గడ్డ చిదమడానికైనా మాకు ఆ గోరే దిక్కు.

ఆ ఏడు నేను వనపర్తిలో ల్యాబ్ టెక్నీషియన్ చదువుతూ, పరీక్షలు రాసి, మల్దకల్ పక్కనున్న మా చేనుకు సెలవులకు వచ్చాను. పరీక్షలో ఒక ప్రశ్న: చీము పుట్టించే బ్యాక్టీరియా మన తెల్లకణాలను ఎలా చంపుతుంది? నాకు నోటికి వచ్చు. అది వదిలే విషంలో రెండు రకాల ముక్కలుంటాయి. మొదటిది తెల్లకణం పైపొర మీద తనకు సరిపోయే కొక్కేన్ని వెతికి పట్టుకుంటుంది. పట్టు దొరికాక రెండోది వచ్చి చేరుతుంది. అలాంటివి కొన్ని కలిసి ఉంగరంలా కట్టుకుని పొరకు బెజ్జం పెడతాయి. మనల్ని కాపాడవలసిన కణమే పగిలి చస్తుంది. ఈ విషాల్లో ఒక రకం ఎలుక కణాలను పెద్దగా పట్టించుకోదట, దానికి మనిషివే కావాలి. రంగు పెన్నులతో బొమ్మ వేసి మరీ రాశాను. బాగా రాశానని నాకు ఒకటే గర్వం.

ఇంటికొచ్చిన మూడోనాడు చెల్లికి ముక్కు పక్కన, పైపెదవి మీద గడ్డ లేచింది.

"అక్కా, మస్తు సలుపుతుందే. గద్వాల దవాఖానకు పోయొస్త."

"గింత పొక్కుకు దవాఖాననా? నువ్వు పోతే నీ సాళ్ళు ఎవలు చేస్తరు?"

ఎవరు చెయ్యాలో నాకు తెలుసు, నేనే. రెండు రోజుల ఎండకే నాకు విసుగొచ్చింది. ఒళ్ళు బద్ధకం తప్ప ఇంకో కారణం లేదు. ముఖం మీద ఆ చోట గడ్డను నొక్కకూడదని కూడా చదువుకున్నాను. అయినా దాని తల ఒళ్ళో పెట్టుకుని, మొగ్గలు గిల్లిన గోటితోనే, చేతులైనా కడుక్కోకుండా చిదిమాను. అరవబోతే నోరు మూశాను. అమ్మ అవతలి గట్టు మీద ఉంది, చూడలేదు. చీము కొద్దిగానే వచ్చింది.

"అయిపాయె. లే, ఇగ పా" అని సాళ్ళలోకి తోలాను. అది చీకటి పడేదాకా చేసింది.

తెల్లారేసరికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు కూడా అమ్మతో, "పొద్దటి పువ్వు రాసినంక తీస్కపోదం" అన్నాను.

గద్వాల చేరేసరికి దానికి ఊపిరి అందడం లేదు. గడ్డ ఎవరు గిల్లారని డాక్టర్ కోపంగా అడిగాడు.

"అదే గిల్లుకున్నది సార్" అన్నాను.

చెల్లి తెరిచి ఉన్న కంటితో నన్ను చూసింది. తరవాత డాక్టర్ వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపింది.

అక్కడి ల్యాబ్‌లో తెలిసినామె నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టింది. చెల్లి రక్తంలో తెల్లకణాలు వెతికితే గాని కనబడలేదు. దొరికినవి కూడా చాలావరకు చితికిపోయి ఉన్నాయి. నా బొమ్మంత ముద్దుగా ఏమీ లేవు. కర్నూలు తీసుకుపొమ్మన్నారు. అక్కడ రెండోనాడు చనిపోయింది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. గోళ్ళు చిగురు దాకా కత్తిరిస్తాను. ఇంటికి పోయినప్పుడు ఎవరైనా చుట్టాలొస్తే అమ్మ ఆ మాటే ఎత్తుతుంది.

"చిన్నది ఊకుండక గడ్డ గిల్లుకున్నది. మా పెద్దది సదువుకున్న పిల్లనాయె, వద్దని ఎంత జెప్పినా ఇనలే."

వద్దన్నానని అమ్మకు నేను ఎన్నడూ చెప్పలేదు, అది అమ్మే కలుపుకుంది. నేను కాదనను. వచ్చినవాళ్ళకు చాయ పోసిస్తాను.