సలోమి టీచర్ నేర్పిన సముద్రం

మొన్న కండ్లకోయ దగ్గర నా స్కూటీ పంక్చరైంది. పక్కనే ఉన్న షాపతను టైరు విప్పి, ట్యూబు బయటికి లాగి, నల్లటి నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. తడిసిన రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా రోడ్లూ, లారీలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం సముద్రం గుర్తొస్తుంది. మోకాళ్ళ దాకా చీర ఎత్తి దోపుకుని, నోట్లో ఈల పెట్టుకుని, అలల ముందు నిలబడ్డ మా సలోమి టీచర్ గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో మేము అలియాబాద్‌లో ఉండేవాళ్ళం. కరీంనగర్ రోడ్డు పక్కన మా నాయినకు లారీ టైర్ల పంక్చర్ షాపు ఉండేది. ఊరి చివర రేకుల కప్పు వేసిన ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను ఒకటో తరగతి చదివాను. మా తరగతి టీచరు సలోమి గారు. ఆమెది బాపట్ల వైపు సముద్రం ఒడ్డునున్న ఊరు. భర్తకు మేడ్చల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి, కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు తీసుకున్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎంత అల్లరి చేసినా ఆమె గొంతు పెరిగేది కాదు. అల్లరి ఎక్కువైతే ఇంకా మెల్లగా మాట్లాడేవారు. ఏం చెబుతున్నారో వినాలని మేమే నోళ్ళు మూసుకునేవాళ్ళం. ఆమె గట్టిగా అరవగా నేను విన్నది ఒక్కసారే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ ఏడు చలికాలం సెలవుల్లో పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్దామని మా హెడ్మాస్టరుగారికి అనిపించింది. సలోమి టీచర్ ఊరు అక్కడే కాబట్టి ఆమెను అడిగారు. ఆమె వెంటనే సరేననలేదట. చివరికి ఒప్పుకున్నారు గానీ, ప్రయాణం దాకా రోజూ ఆఖరి పీరియడు తనకు వదిలేయాలన్నారు. ఆ పీరియడులో ఏం చెబుతారో మాకు తెలియదు. మొదటిరోజు ఆమె సంచీలోంచి పాత నీలం చీర ఒకటి తీసి, బడి వెనక ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళారు. ఇద్దరు పిల్లలు చీర రెండు చివర్లూ పట్టుకుని ఊపితే అది అల. మిగిలినవాళ్ళం ఇసుక మీద గవ్వలు ఏరుకుంటున్నట్టు నటించాలి. సముద్రానికి వీపు చూపించినవాళ్ళు ఔట్. చీర కాళ్ళకు తగలగానే కిలకిల నవ్వుతూ వెనక్కి ఉరికేవాళ్ళం.

"ఇంకోటి నేర్పుతాను. పీత నడక," అన్నారొక రోజు.

"పీత అంటే ఏంది టీచర్?" అని అడిగింది శిరీష. శిరీష నా జోడీ. సముద్రం దగ్గర ప్రతి పిల్లకూ ఒక జోడీ ఉండాలని, ఒకరి చెయ్యి ఒకరు వదలకూడదని టీచర్ ముందే ఇద్దరిద్దరిని కలిపారు.

టీచర్ ఇసుక మీద పుల్లతో బొమ్మ గీశారు. "గిది ఎండ్రికాయ టీచర్. మా సెరువుల మస్తుంటయి," అంది శిరీష.

"సరే, మీ ఊళ్ళో ఎండ్రికాయే. అది ఎలా నడుస్తుందో చూపించండి చూద్దాం."

తరగతి తరగతంతా అడ్డంగా నడిచాం. నీళ్ళు లోపలికి లాగుతుంటే ఎదురు కొట్లాడితే బలం అయిపోతుందని, ఒడ్డు వెంబడే పక్కకు పక్కకు జరిగితే లాగుడు తగ్గిన చోటు దొరుకుతుందని ఆ ఆటలోనే చెప్పారు. మరోరోజు ఆకు ఆట. నీళ్ళ మీద తేలే ఆకులా నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, కదలకుండా ఊపిరి పీల్చడం. ఎవరు ఎక్కువసేపు ఆకులా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఈల ఆట అన్నిటికంటే కష్టం. రెండు ఈలలు వినబడితే ఏం చేస్తున్నా వదిలేసి, జోడీ చెయ్యి పట్టుకుని, పొడి ఇసుకలోకి వచ్చి కూర్చోవాలి. మళ్ళీ ఒక్క ఈల పడేదాకా లేవకూడదు. మమ్మల్ని లేపడానికి టీచర్ ఏవేవో చేసేవారు. బిస్కెట్ల పొట్లం చూపించేవారు. కాలు బెణికినట్టు కూలబడి "అమ్మా" అని మూలిగేవారు. జాలిపడి లేచినవాళ్ళు ఔట్.

"మీకు దెబ్బ తాకితే లేవొద్దా టీచర్?" అని అడిగాను నేను.

"నువ్వు కూర్చుంటే నాకు ఒక్క దెబ్బే స్వప్నా. లేచి పరిగెత్తుకొచ్చి నువ్వూ పడితే రెండు."

నాకది అప్పుడు అర్థం కాలేదు. ఔట్ కాకూడదని మాత్రం కూర్చున్నాను.

సముద్రం దగ్గరికి తీసుకెళ్ళడానికి లారీ ట్యూబు కావాలని టీచర్ ఒక సాయంత్రం మా షాపుకు వచ్చారు. "ట్యూబులకేంది టీచరమ్మా, కావలసినన్ని తీస్కపోండ్రి," అని నాయిన ఒక పెద్ద ట్యూబుకు అతుకులేసి, గాలి పట్టి, పొడుగాటి తాడు కూడా కట్టి ఇచ్చాడు. అమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడి ఉంది. అంతకు ముందు ఏడే మా పక్క గల్లీ పిల్లగాడొకడు శామీర్‌పేట చెరువులో మునిగి పోయాడు. అప్పట్నుంచి అమ్మ నన్ను కట్ట దిక్కుకు కూడా పోనిచ్చేది కాదు.

"టీచరమ్మా, కోపం జేస్కోకుండ్రి. నా బిడ్డను నేను పంపియ్య," అంది.

టీచర్ వాదించలేదు. ఏమీ కాదని భరోసా కూడా ఇవ్వలేదు. "మీ భయం తప్పు కాదమ్మా. మీరూ రండి. మీ అమ్మాయి చెయ్యి మీరే పట్టుకోండి," అన్నారు.

"నేనా? నేను సికింద్రాబాదే సక్కగ సూడలే."

"అయితే సముద్రమే ముందు చూడండి."

అమ్మ నవ్వింది. ఆ నవ్వుతో మా ప్రయాణం ఖాయమైంది. ఆ రోజుల్లో నేను మంచం మీద వెల్లకిలా పడుకుని ఆకు ఆట ఆడుతుంటే అమ్మ వంట చేస్తూనే చూసేది. "గట్ల పండుకుంటే సముద్రం ఊకుంటదా?" అని అడిగేది. "ఊకుంటదట, టీచర్ చెప్పింది," అనేదాన్ని.

మాతో హెడ్మాస్టరుగారూ, ఇంకొందరి అమ్మలూ వచ్చారు. రైలు దిగి, బస్సెక్కి, సరుగుడు తోట దాటి నడిచేసరికి ముందు చప్పుడు వినిపించింది. తర్వాత కనిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "గింతనా," అంది చాలాసేపటికి. ఇంతేనా అని కాదు, ఇంత ఉందా అని. టీచర్ ముందు మమ్మల్ని ఒడ్డునే కూర్చోబెట్టి, సముద్రాన్ని ఊరికే చూడమన్నారు. అల ఎంత దూరం వస్తోందో, ఎక్కడ ఆగుతోందో చూశాక, పొడి ఇసుకలో గీత గీసి, దాని అవతల మేము పాదాలు తడుపుకునే చోటు చూపించారు. పెద్దవాళ్ళకు కూడా అదే చెప్పారు. పెద్దవాళ్ళు తలూపారు. వాళ్ళు ఆటలు ఆడినవాళ్ళు కారు కదా.

మధ్యాహ్నానికి అమ్మకు భయం పోయింది. మోకాలి లోతులో నిలబడి, దోసిలితో నీళ్ళు ఎగజల్లుతూ చిన్నపిల్లలా నవ్వుతోంది. అమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నేను గీత దగ్గర శిరీషతో గవ్వలు ఏరుతున్నాను. "సప్నా, గిటు సూడే," అని పిలుస్తూ అమ్మ నా వైపు తిరిగింది. సముద్రానికి వీపు పెట్టింది. వెనక నుంచి లేచిన అల నాకు కనిపించింది, అమ్మకు కనిపించలేదు. అది పడగొట్టి, వెనక్కి పోతూ పోతూ అమ్మను లోపలికి ఈడ్చుకుపోయింది. లేవబోతే తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంది. ఇంకో అల వచ్చింది. అమ్మ తల కనిపించి, కనిపించకుండా పోయింది.

రెండు ఈలలు మోగాయి.

శిరీష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేమిద్దరం పొడి ఇసుకలోకి వెళ్ళి కూర్చున్నాం. పిల్లలందరూ ఇద్దరిద్దరుగా వచ్చి కూర్చున్నారు. ఒక్కరు కూడా లేవలేదు. అక్కడ లేచి ఉరుకుతున్నది పెద్దవాళ్ళే. శిరీష వాళ్ళమ్మ ఏడుస్తూ నీళ్ళలోకి పోబోతే, శిరీష రెండో చేత్తో ఆమె కొంగు పట్టి లాగి, "కూసో అమ్మా, ఈల వడ్డది," అంది. నీళ్ళలో ఉన్నది మా అమ్మ. నా కాళ్ళు వాటంతటవే లేవబోతున్నాయి. నేను వాటిని ఇసుకలో పూడ్చుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను మళ్ళీ ఎన్నడూ చేయలేదు.

టీచర్ ట్యూబు తీసుకుని ఒడ్డు వెంబడి పరిగెత్తారు. తాడు చివర హెడ్మాస్టరుగారు పట్టుకున్నారు. ట్యూబు విసిరితే అమ్మకు అందలేదు. లాక్కుని మళ్ళీ విసిరారు. అప్పుడు విన్నాను ఆమె గొంతు, సముద్రం చప్పుడును మించి. "ట్యూబు పట్టుకోండమ్మా. వదలొద్దు. నేనున్నాను."

అమ్మ చేతులు ట్యూబు మీద పడ్డాయి. ఇద్దరూ కలిసి తాడు లాగారు. అమ్మ ఒడ్డున పడి దగ్గింది, ఉప్పునీళ్ళు కక్కింది, తర్వాత నా కోసం వెతికింది. ఒక్క ఈల మోగాక నేను లేచి పరిగెత్తాను.

కాస్త తేరుకున్నాక అమ్మ అంది: "ఇగ పోయిన అనుకున్న. గప్పుడు నువ్వు మంచం మీద పండుకునుడు యాదికొచ్చింది. చేతులు కొట్టుకునుడు బంద్ జేసిన. నీళ్ళే జర పైకి లేపినయి."

టీచర్ మా పక్కనే తడి చీరతో కూర్చుని ఉన్నారు. పిల్లల వైపు చూసి, "మీరందరూ కూర్చున్నారు కాబట్టి నేను మీ వైపు చూడాల్సిన పని లేకపోయింది. అమ్మగారి వైపే చూశాను. ఈవిడను బయటికి తెచ్చింది మీరే," అన్నారు, మళ్ళీ ఆ మెల్లటి గొంతుతోనే.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఆమెను అడిగింది, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని. కిటికీలోంచి చూస్తూ టీచర్ చెప్పారు. ఆమె చిన్నప్పుడు ఒక ఆదివారం చర్చి నుంచి అందరూ కలిసి ఒడ్డుకు వెళ్ళారు. ఆమె తమ్ముణ్ణి అల లాగేసింది. వాడి కోసం ఒకరి వెనక ఒకరు ఇద్దరు దూకారు. "ముగ్గురూ రాలేదమ్మా. ఒక్క తాడు లేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు," అన్నారు. అమ్మ ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, దిగేదాకా అలాగే ఉంచుకుంది.

ఊరికి వచ్చాక అమ్మ చేసిన మొదటి పని నాయినతో ఇంకో ట్యూబుకు గాలి పట్టించి, తాడు కట్టించి, చెరువు కట్ట మీదున్న చాయ్ హోటల్‌లో వేలాడదీయించడం. వినాయకుల్ని నిమజ్జనం చేసే రోజుల్లో దాని పక్కనే నిలబడి, నీళ్ళలోకి దిగే ప్రతి పోరగాణ్ణీ "ఎవలన్న మునిగితే దూకకుండ్రి, ట్యూబు ఇసిరి గుంజుండ్రి," అని సతాయించేది. ఒకసారి ఆ ట్యూబుతోనే ఒక పిల్లగాణ్ణి నీళ్ళలోంచి బయటికి లాగారు కూడా. వాడి తల్లి మా ఇంటికి వచ్చి ఏడ్చిన రోజున, "నాకు గాదు, టీచరమ్మకు మొక్కు," అంది అమ్మ.

కొన్నేళ్ళకు సలోమి టీచర్ బడి మానేసి కౌకూర్‌కు మారారు. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా ఒకసారి అక్కడికి వెళ్ళాను. జుట్టు నెరిసింది, మనిషి ఇంకా సన్నబడ్డారు. నా చేతికి కాఫీ ఇచ్చి, అమ్మ గురించి, శిరీష గురించి అడిగారు. ఎన్నాళ్ళ నుంచో నాలో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"మీ తమ్ముణ్ణి తీసుకుపోయిన సముద్రం కదా టీచర్. మాకు దాన్ని అంత ముద్దుగా ఎందుకు చూపించారు? భయపెట్టి ఉండొచ్చు కదా?"

"మా తమ్ముడికి సముద్రమంటే ప్రాణం అమ్మా. బడి వదలగానే పుస్తకాలు గట్టున పడేసి పరిగెత్తేవాడు. అది చెడ్డదని నేను పిల్లలకు చెబితే వాడికి నచ్చదు," అన్నారు.

సలోమి టీచర్ చనిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకొక కూతురు. దానికి రోడ్డు దాటడం, పొయ్యి వెలిగించడం, చెట్టెక్కడం ఒక్కొక్కటే నేర్పుతున్నాను. ప్రతిసారీ ముందు "వద్దు" అనే మాటే నా నాలుక మీదికి వస్తుంది. ఆ మాటను మింగేసి, పిల్ల పక్కన కూర్చుని, అది దేన్ని చూసి అంత మురిసిపోతోందో ముందు నేనూ చూస్తాను. ఆ తర్వాతే జాగ్రత్త చెబుతాను.