తమ్ముడు దిద్దిన నోటుపుస్తకం

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. తెనాలిలో శ్మశానం గోడ పక్కనే పదకొండేళ్లు అద్దెకున్నాం. ఒక్కనాడూ ఉలిక్కిపడి లేచింది లేదు. అలాంటిదాన్ని, 2006లో ఒక పొద్దున కాఫీ వేళ, సొంత తమ్ముణ్ణి చూసి వణికిపోయాను.

తమ్ముడు బాపట్లలో లెక్కల మాస్టారుగా చేసేవాడు. ముప్ఫై ఎనిమిదో ఏట స్కిజోఫ్రెనియా వచ్చింది. చెవిలో ఎవరో మాట్లాడుతుంటారు. అది జబ్బంటే ఒప్పుకోడు. ఉద్యోగం మానేశాక తెనాలి తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు గారు అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు, బొమ్మలు జతపరచమన్నారు. వాడు ఒక్కటీ తప్పలేదు.

"ఇంత బుర్ర ఉన్నవాడికి తన జబ్బు తనకెందుకు తెలియదండి?" అని అడిగాను.

"ఆలోచన మందగించినవాళ్లలో చాలామందికి ఆ ఎరుక కూడా తగ్గుతుందమ్మా. అలాగని బుర్ర చురుగ్గా ఉంటే ఎరుక ఉండి తీరుతుందనీ లేదు," అన్నారు. రోజూ ఏం జరిగిందో రాసిపెట్టమన్నారు.

రాశాను. ఇంటికొచ్చే చుట్టాలు చదువుతారని వాడి పేరు రాయలేదు. ‘అతను’ అని మాత్రమే రాశాను.

ఆగస్టులో వాడు మాత్రలు ఉమ్మేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోయాడు. రేపల్లె బస్టాండు దగ్గర్లో, కాలవలో నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంటే తెలిసినవాళ్లు పట్టి తెచ్చారు. దిగమని చెవిలో చెప్పారట. ఇంకోసారి వెళితే మనిషి దక్కడని అర్థమైంది.

మూడో రోజు పొద్దున కాఫీ పట్టుకెళ్లేసరికి వాడు నా నోటుపుస్తకం ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాడు. ఆగస్టు 17 పక్కన నేను బుధవారం అని రాశాను. అది కొట్టేసి గురువారం అని రాశాడు. క్యాలెండరు చూశాను. గురువారమే.

"ఏంటక్కయ్యా, నీకూ తప్పులొస్తాయా!" అని నవ్వాడు.

కింది వాక్యం కూడా దిద్ది ఉంది. ‘రేపల్లె బస్సెక్కాడు’ అన్నచోట బస్సు కొట్టేసి, ‘పాసింజరు రైలు, కిటికీ పక్క సీటు’ అని రాశాడు. పేజీ అడుగున అదే ఎర్ర సిరాతో ఇలా రాశాడు: ‘ఇతనికి జబ్బు. జబ్బని ఇతనికి తెలియదు. వాదించవద్దు. మాత్ర ఆపితే మళ్లీ నీళ్లలో దిగుతాడు.’

వేడి కాఫీ చీర మీద ఒలికినా నాకు తెలియలేదు.

"రైలని నీకెవరు చెప్పార్రా?"

"చదివితే తెలియదూ?"

"అది నువ్వే కదరా!"

"నేనా? నేను రేపల్లె వెళ్లి ఆరేళ్లయిందక్కయ్యా. పాపం, ఎవరో గానీ జాగ్రత్తగా చూసుకో."

వేళాకోళం కాదు. వాడి ముఖంలో నిజమైన జాలి ఉంది. కాలవ నుంచి తెచ్చిన రోజు విప్పిన చొక్కా ఇంకా ఉతకలేదు. జేబు వెతికితే తెనాలి నుంచి రేపల్లెకు రైలు టికెట్టు దొరికింది. తేదీ పదిహేడే.

మాత్ర, నీళ్లు తీసుకెళ్లాను. వాడే చెయ్యి చాపాడు.

"అతను ఒక్కడే అయితే వేసుకోడక్కయ్యా. తోడుగా నేనూ వేసుకుంటాలే."

ఆనాటి నుంచి ఒక్క పూటా మానలేదు. మళ్లీ కాలవ దారి పట్టలేదు. డాక్టరు గారు ఆ పేజీని చూసి, ఇలాంటిది తామూ చూడలేదన్నారు.

రోజూ మాత్ర మింగి, "అతను వేసుకున్నాడా?" అని అడుగుతాడు. వేసుకున్నాడనే చెబుతాను. ఆ మాట అనేటప్పుడు మా ఇంట్లో ఇద్దరం ఉన్నామో, ముగ్గురం ఉన్నామో, ఈనాటికీ నాకు లెక్క తేలలేదు.